పంట ఎప్పటికి అయినట్టు

మా సొంత చేలోకి నేను అక్రమంగా జొరబడ్డానని తాలూకాఫీసులో ఒకసారి నా మీద అర్జీ పడింది. అది నిజమో కాదో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. జరిగింది మాత్రం చెప్పగలను.

యాభైల చివర్లో సంగతి. అప్పటికి నేను గుంటూరులో ఆడపిల్లల బడిలో పంతులమ్మని. బ్రాడీపేటలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేదాన్ని. మా వారు జ్వరంతో పోయారు. కొడుకు పోయిన దిగులుతో మంచం పట్టిన మావగారు మరుసటి ఏడు పోయారు. పెదకాకాని దగ్గర బస్సు దిగి డొంక వెంట కొంతదూరం నడిస్తే మా అత్తగారి ఊరు. ఆ ఊళ్లో ఒక పెంకుటిల్లు, అందులో అత్తగారు, ఊరికి పడమట నాలుగెకరాల నల్లరేగడి చేను. మాకు మిగిలింది అంతే.

నేను పుట్టి పెరిగింది పట్నంలో. మా నాన్న రైల్వేలో గుమాస్తా. పత్తి అంటే నాకు దీపంలో వత్తీ, పరుపులో దూదీ. అది చెట్టుకు ఎప్పుడు కాస్తుందో, ఎన్నిసార్లు తీస్తారో నేనెప్పుడూ అడిగి తెలుసుకోలేదు.

మా చేను మావగారి కాలం నుంచీ ఆ ఊరి సాయిబుగారు ఒకాయన కౌలుకు చేస్తున్నాడు. ఆయన తాతముత్తాతలు కూడా ఆ నల్లమట్టిలోనే నాగలి పట్టారు. మావగారు ఆయన్ని "తమ్ముడూ" అని పిలిచేవారు కనక నేను చినమావయ్యగారు అనేదాన్ని. ఆయన నన్ను "అమ్మాయ్" అనేవాడు. కౌలుకు కాయితం లేదు. పెద్దవాళ్లిద్దరూ ఎప్పుడో అరుగు మీద కూర్చుని ఒక మాట అనుకున్నారు. పంట అయ్యేదాకా చేను సాయిబుగారిది, పంట అయ్యాక మావగారిది. ఆ ఒక్క మాట మీద ఏ తగువూ లేకుండా ఏళ్లు గడిపేశారు. అందులో అర్థం కానిది ఏదైనా ఉందని ఎవరికీ తోచలేదు.

ఆ ఏడు ఎండలు ముదరకముందు బడికి సెలవు దొరికి ఊరు వెళ్లాను. అత్తగారు వసారాలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఆ ఘాటుకు నేను తుమ్ముతుంటే నవ్వుతూ ఊరి కబుర్లు చెబుతోంది.

"పడమటి నుంచి గొర్రెలు దిగినయ్యంట. మీ మావగారుంటే ఈపాటికి మంద కట్టించేవాడు. మంద పడ్డ నేలకి ఇంక వేరే ఎరువు ఎయ్యక్కర్లా."

మంద కట్టించడమంటే ఏమిటని అడిగాను. పంట తీసేసిన చేలో రాత్రిళ్లు గొర్రెల్ని పడుకోబెడతారట. వాటి పెంటతో నేల బాగుపడుతుంది. మందను తోలుకొచ్చిన కాపరికి అన్నం పెట్టి కాసిని జొన్నలు ఇస్తారు.

"మన చేలో పత్తి అయిపోయిందా అత్తయ్యా?"

"తీసేశారుగా. మొన్న ఆడోళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని పోతుంటే చూశా."

మర్నాడు పొద్దున్నే చేను చూడటానికి వెళ్లాను. మావగారు పోయాక ఆ చేలోకి వెళ్లడం అదే మొదలు. పత్తి చెట్లు నిలబడే ఉన్నాయి. ఆకులు మచ్చలు పడి సగం రాలిపోయాయి. అక్కడక్కడా తొడిమకు అంటుకుని పీచులాగా కాస్త దూది. గట్టిగా, పచ్చగా కొన్ని కాయలు కూడా కనిపించిన గుర్తు. అవి పనికిరాని కాయలు కాబోలు, అందుకే వదిలేశారు అనుకున్నాను. అది ఎండిపోయిన చేను అని నా కళ్లకు అనిపించింది.

డొంకలో గొర్రెల కాపరి ఒకడు నిలబడి ఉన్నాడు. పెద్దవాడు. భుజాన గొంగళి, చేతిలో పొడుగాటి కర్ర. పొదిలి అవతల ఏదో ఊరు చెప్పాడు.

"ఏం తల్లీ, ఈ చేను మీదేనా?"

"మాదే."

"మంద కట్టమంటావా?"

అత్తగారి మాట గుర్తొచ్చింది. కట్టమన్నాను.

"పైరు అయిపోయినట్టేనా?" అని అడిగాడు.

"అయిపోయింది."

అతను ఒకసారి చేను వైపు చూశాడు, ఒకసారి నా వైపు చూశాడు.  "సరే, పొద్దుగూకేలకి తోలుకొస్తా" అని వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి అత్తగారికి చెబితే ఆవిడ తల ఊపింది. మావగారు పోయాక ఆ చేనుకి నేను చేసిన మొదటి మంచిపని అది అనుకుని, సంతోషంగా అన్నం తిన్నాను.

తెల్లారి ఇంకా ముగ్గు పెట్టలేదు, వీధిలో కేక వినిపించింది. సాయిబుగారు. ఎప్పుడూ తిన్నగా అరుగెక్కి కూర్చునే మనిషి, ఆ రోజు నడివీధిలో నిలబడిపోయాడు.

"అమ్మగారూ! మా చేలోకి గొర్రెల్ని తోలించింది మీరేనంటగా?"

అమ్మగారూ అని ఎవర్ని పిలుస్తున్నాడో నాకు అర్థం కాలేదు. అత్తగారు ఉందేమోనని వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ పెరట్లో ఉంది. ఆయన నాతోనే మాట్లాడుతున్నాడు.

"నేనే చినమావయ్యగారూ, మంద కట్టించాను. పంట అయిపోయిందిగా."

"అయిపోయిందని ఎవరు చెప్పారండీ మీకు? ఇంకో తీత ఉంది. ఎండ తగిలితే కాయ పగిలేది. మొత్తం నాకేసినయ్యి. ఆకు లేదు, కాయ లేదు. పత్తికట్టె కూడా తొక్కిపారేసినయ్యి."

"నాకు తెలియదండీ..."

"తెలవకపోతే అడగొద్దా? మా ఇల్లు ఆ సందులోనేగా?"

"మన చేనేగా అని..." అనబోయాను. నోట్లోంచి మాత్రం "మా చేనేగా" అని వచ్చింది.

ఆయన మొహం మారిపోయింది. కోపం పోయి ఇంకేదో వచ్చింది. "అదా సంగతి" అన్నాడు మెల్లగా. "మీ చేనే. ఎవరు కాదన్నారు? ఆ గొర్రెల్ని బందెలదొడ్డికి తోలించా. మిగతాది ఆఫీసులోనే తేల్చుకుందాం లెండి."

వెళ్లిపోయాడు. అంత కోపంగా వచ్చినవాడు నా మాట విని ఎందుకు అంత నెమ్మదిగా అయిపోయాడో, 'అదా సంగతి' అంటే ఏ సంగతో, గుమ్మంలో నిలబడి ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు.

పరాయి చేలో పడి మేసిన పశువుల్ని మూసేసే దొడ్డి ఊరి చివర ఉండేది. నేను వెళ్లేసరికి అది గొర్రెలతో కిక్కిరిసిపోయి ఉంది. వాటి అరుపులకు మనిషి మాట వినపడటం లేదు. కాపరి గేటు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"నువ్వు రమ్మంటేనే గదా తల్లీ నేనొచ్చింది?"

"అవును."

"పైరు అయిపోయిందా అని అడగలా నేను?"

"అడిగావు."

"అయిపోయిందని నువ్వు అన్లా?"

"అన్నాను."

"మరి నా గొర్రెల్ని ఎందుకు మూసినారు?"

మునసబుగారి ఇంటికి వెళ్లాను. ఆయన పళ్లు తోముకుంటూ బయటికొచ్చాడు. గొర్రెలు పరాయి చేలో పడ్డాయి, కాపరి జరిమానా కట్టి విడిపించుకోవాలి, అంతే అన్నాడు.

"పరాయి చేను కాదండీ, మాది."

"మీదైతే సాయిబు ఎందుకు తోలాడమ్మా?"

"ఆయన కౌలుకు చేస్తున్నాడు."

"అయితే ఆయనదేగా?"

"పంట అయ్యాక మాదండీ."

"అయిందా మరి?"

"కాలేదంటున్నాడు ఆయన."

"మీరేమంటున్నారు?"

"నాకు తెలియదండీ."

మునసబుగారు పందుంపుల్ల పారేసి, "మీకే తెలవకపోతే నాకెట్టా తెలుస్తదమ్మా?" అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

తిరిగొచ్చేసరికి దొడ్డి దగ్గర జనం పోగయ్యారు. పంట అయిపోవడమంటే ఏమిటన్న దాని మీద అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆఖరి తీత తీస్తే అయిపోయినట్టే అన్నాడొకాయన. కట్టె పీకి మోపులు ఇంటికి చేరితేనే అయినట్టని మరొకాయన. కౌలు ఏదైనా ఉగాదితోనే సరి, చేలో ఏమున్నా లెక్కలేదన్నాడు ఇంకొకాయన. ఒక ముసలాయన మాత్రం, "భూమి గలావిడ అయిందంటే అయినట్టే, కాలేదంటే కానట్టే" అని నా వైపు చూశాడు. నా పక్షాన మాట్లాడానని ఆయన ఉద్దేశం. ఎవరు మాట్లాడుతుంటే వాళ్లదే సరైన మాట అనిపించింది నాకు. పక్కవాడు నోరు తెరవగానే ముందాయన మాట తప్పనిపించేది.

ఆ గొడవలోనే దొడ్డిలో ఒక గొర్రె ఈనింది. కాపరి కాళ్లావేళ్లా పడితే గేటు తీశారు. అతను లోపలికి పోయి, గొర్రెల కాళ్ల మధ్య నలిగిపోకుండా ఆ పిల్లను ఎత్తుకుని, తలగుడ్డ విప్పి తుడిచాడు. అప్పటికే సాయిబుగారు వచ్చి గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గొర్రెపిల్లను చూశాడు. వెళ్లి, బావి దగ్గర్నుంచి బిందెడు నీళ్లు తెచ్చి దొడ్డిలోని తొట్టిలో పోశాడు. మళ్లీ వెళ్లి మళ్లీ తెచ్చాడు. గొర్రెల్ని దొడ్డికి తోలింది ఈయనే, నీళ్లు పోస్తున్నదీ ఈయనే. ఆయన కోపం ఎవరి మీదో నాకు అప్పుడు మరీ అయోమయం అయిపోయింది.

జరిమానా నేను కడతానని మునసబుగారితో అన్నాను. ఆయన గొంతు తగ్గించి, "మీరు కడితే, ఆ గొర్రెల్ని పరాయి చేలోకి నేనే పంపించానని మీరు ఒప్పుకున్నట్టు అవుద్దమ్మా. రేపు ఆఫీసుకు పోతే అదే అడుగుతారు. ఆలోచించుకోండి" అన్నాడు. పంపించింది నేనే. పరాయి చేలోకి కాదు. కాదో, అవునో. అత్తగారిని అడిగి వద్దామని ఇంటికి వెళ్లాను.

"నేను మంద కట్టించమన్నానా?" అంది అత్తగారు. "మీ మావగారుంటే కట్టించేవాడన్నా. ఆయన కట్టించేది కట్టె పీకాక గదా."

"ఆ మాట మీరు చెప్పలేదు అత్తయ్యా."

"నువ్వు అడగలా."

ఏమైతే అదవుతుందని నేను డబ్బు తీసుకుని దొడ్డి దగ్గరికి వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. లోపల పెంటికలు తప్ప ఏమీ లేవు. కాపరి ఒక పొట్టేలును ఊళ్లో ఎవరికో ఇచ్చేసి, జరిమానా కట్టి మందను తోలుకుపోయాడట. ఆ పిల్లను గొంగట్లో చుట్టి చంకన పెట్టుకుపోయాడని చెప్పారు. డొంకలోకి పరిగెత్తాను. దుమ్ము లేచి ఉంది గానీ అది ఏ వైపు మళ్లిందో చెప్పడానికి అక్కడ ఎవరూ లేరు.

నేను గుంటూరు వచ్చిన కొన్నాళ్లకు తాలూకాఫీసు బంట్రోతు బడికే వచ్చి నోటీసు ఇచ్చాడు. సాయిబుగారి అర్జీ. ఆయన స్వాధీనంలో ఉన్న చేలోకి నేను అక్రమంగా ప్రవేశించి, పశువులతో పైరు పాడుచేయించి, ఆయన్ని కౌలు నుంచి వెళ్లగొట్టడానికి పూనుకున్నానని అందులో ఉంది. మొదటి రెండు ముక్కలూ ఎలాగో మింగాను. వెళ్లగొట్టడం అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆయన్ని పొమ్మనాలని నాకు కలలో కూడా తట్టలేదు. ఆయన పోతే ఆ చేను ఎవరు చేస్తారు?

మా వీధి చివర ఒక ప్లీడరుగారు ఉండేవారు. వాళ్లమ్మాయి నా దగ్గర చదివేది. నోటీసు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను.

"పొలం ఎవరిదమ్మా?" అన్నారాయన.

"మాదండీ."

"పొజెషన్ ఎవరిది? అంటే, ఆ రోజున చేలో ఎవరున్నారు?"

"గొర్రెలండీ."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదని చూసి నవ్వు ఆపి, నిదానంగా చెప్పారు. కౌలుదార్ల కోసం ప్రభుత్వం కొత్త చట్టం తెచ్చింది. కౌలుకు చేసేవాణ్ణి ఇదివరకులా ఉన్నపళంగా తీసెయ్యడానికి లేదు. అందుకని ఊళ్లలో భూములున్నవాళ్లు ఏదో ఒక వంకన ముందు చేలో కాలు పెడుతున్నారు. దుక్కి దున్నిస్తారు, గేదెల్ని కట్టేస్తారు, పాక వేస్తారు. ఆ తర్వాత చేను మా స్వాధీనంలోనే ఉందంటారు.

"గొర్రెల్ని తోలించడం కూడా అలాంటిదేనని అతని ప్లీడరు వాదన."

"నేను అలా అనుకుని చెయ్యలేదండీ."

"మీరు అనుకోలేదమ్మా. అనుకున్నవాళ్లు చేసేది కూడా సరిగ్గా ఇదే. చూసేవాడికి తేడా ఎలా తెలుస్తుంది?"

ఆ తర్వాత ఆయన చెప్పింది విని నేను ఇంకా గాభరా పడ్డాను. చేను వెనక్కి తీసుకోవడానికి ఇది మంచి అవకాశం కూడానట. పత్తి తీయడం ఆపేసి అతను చేను వదిలేశాడని నేను చెబితే సరిపోతుందట.

"ఆయన వదల్లేదండీ."

"ఆ రోజు పత్తి తీస్తున్నాడా?"

"లేదు."

"చేలో ఉన్నాడా?"

"లేదు."

"మరి అంతేగా. అబద్ధం చెప్పమనడం లేదు. అలా చెప్పకపోతే మాత్రం ఆ చేను ఇంక మీ చేతికి తిరిగి రాదు, అది కూడా గుర్తుపెట్టుకోండి."

అక్కడికి వెళ్లేటప్పుడు నాకున్న దిగులు ఒక్కటే, నేను తప్పు చేశానా లేదా అని. వచ్చేటప్పుడు రెండోది పట్టుకుంది, చేను పోతుందేమోనని. సాయిబుగారు నిజంగానే చేను మింగేద్దామని ఈ పని చేశాడా? తొట్టిలో నీళ్లు పోసిన మనిషి ఆ పని చేస్తాడా? చెయ్యడని ఎలా చెప్పను? అలా చేసేవాళ్లు కూడా గొర్రెలకు నీళ్లు పోస్తారేమో.

ఆదివారం ఊరు వెళ్లి, ఇంటికి కూడా పోకుండా తిన్నగా చేను దారి పట్టాను. నా కళ్లతో ఇంకోసారి చూసుకుంటే ఏదైనా తెలుస్తుందని ఆశ. చేలో సాయిబుగారి భార్య ఒక్కతే ఉంది. తొక్కుళ్లు పడ్డ కట్టె పీకి కుప్ప వేస్తోంది. నన్ను చూసి నడుం ఎత్తింది.

"అక్కడే ఆగమ్మా. నువ్వొస్తే లోపలికి రానివ్వొద్దని చెప్పాడు మా ఆయన."

నేను గట్టు మీద కాలు పెట్టినదాన్ని పెట్టినట్టే ఆగాను.

"గట్టు మీద నిలబడొచ్చా పిన్నీ?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "గట్టు సంగతి ఆయన ఏం చెప్పలేదమ్మా" అంది.

 ఎండ చురుక్కుమంటోంది. ఆవిడ కుండలోంచి చెంబుతో నీళ్లు వంచి తెచ్చి, గట్టు ఇవతలికి చెయ్యి చాపి ఇచ్చింది. తాగి చెంబు తిరిగి ఇచ్చాను.

"మమ్మల్ని ఎందుకు పొమ్మంటున్నావమ్మా? మేమేం తప్పు చేశాం?" అంది. ఆవిడ గొంతులో తగువులాడే ధోరణి లేదు.

"నేను పొమ్మనలేదు పిన్నీ."

"మరి గొర్రెల్ని ఎందుకు తోలించావు? పక్కూళ్లో మా తమ్ముడు చేసే చేలో కూడా ముందు గేదెల్నే కట్టేశారు. పెద్దోళ్లు గదా, పోనీలే అని ఊరుకున్నాడు. తర్వాత పాక ఏశారు. ఆ తర్వాత మా తమ్ముణ్ణి గట్టెక్కనివ్వలా. ఇప్పుడు కూలికి పోతున్నాడు."

'అదా సంగతి' అన్నప్పుడు ఆయన మొహంలో కనిపించింది ఏమిటో నాకప్పుడు తెలిసింది. అది భయం. నేను "మా చేనేగా" అన్న మాట ఆయనకు పక్కూరి గేదెల్లా వినపడింది.

"చినమావయ్యగారికి చెప్పు పిన్నీ, నాకట్లాంటి ఉద్దేశం లేదని."

"నేను చెబితే వినడు. ఆవిడ ముందు అట్టాగే అంటది, నమ్మబాకు అని వాళ్ల ప్లీడరు చెప్పాడంట."

విచారణ రోజున గుంటూరు తాలూకాఫీసు వసారా జనంతో నిండిపోయింది. అందరివీ ఇలాంటి తగువులే. సాయిబుగారు ఉతికిన పంచె కట్టుకుని, నెత్తిన టోపీ పెట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. నన్ను చూసి చెయ్యెత్తబోయి మళ్లీ దించేశాడు. తహసీల్దారు వయసులో చిన్నవాడే. ముందుగా నన్ను పిలిచాడు.

"చేలోకి గొర్రెల్ని దించమన్నది మీరేనా?"

"నేనేనండీ."

మా ప్లీడరుగారు దగ్గారు. అంత తొందరగా ఒప్పుకోకూడదట, తర్వాత చెప్పారు.

"అప్పటికి కౌలు ఉందా, పోయిందా?"

"పంట అయిపోతే పోయినట్టండీ. కాకపోతే ఉన్నట్టు."

"పంట అయిపోయిందా మరి?"

"అయిపోయిందనుకున్నాను."

"ఇప్పుడేమనుకుంటున్నారు?"

మా ప్లీడరుగారి వైపు చూశాను. ఆయన కళ్లతోనే చెబుతున్నారు, చేను ఖాళీగా ఉందని అనమని. ఆ రోజు చేలో మనుషులెవరూ లేని మాట నిజమే. ఆ నిజం చెబితే అబద్ధం చెప్పినట్టవుతుందని కూడా అనిపించింది. అది ఎలాగో ఎవరికైనా వివరించమంటే నా వల్ల కాదు.

"కాలేదని ఆయన అంటున్నారండీ. పంట వేసింది ఆయన, ఆయనకే తెలియాలి" అన్నాను. మా ప్లీడరుగారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు.

తహసీల్దారు సాయిబుగారి వైపు తిరిగాడు. "పంట అయ్యాక చేను ఎవరిదయ్యా?"

"ఆవిడదేనండి."

"కొత్త చట్టం ప్రకారం పంట అయ్యాక కూడా కౌలు నీదే. మీ ప్లీడరు అర్జీలో రాసింది అదేగా?"

"ఆయన రాశాడండి. మేం అనుకున్న మాట మాత్రం అది కాదు. పంట అయ్యాక పెద్దాయనదే అనుకున్నాం. ఉన్నమాట చెప్పాలిగా."

ఈసారి దగ్గడం ఆయన ప్లీడరు వంతయింది. తహసీల్దారు చేతిలో కాయితాలు బల్ల మీద పెట్టి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"అసలు మీరిద్దరూ ఎవరి తరఫున వచ్చారు?" అన్నాడు. వసారాలో జనం నవ్వారు. "ఇద్దరూ బయటికి పోయి మాట్లాడుకుని రండి. ప్లీడర్లు వద్దు."

బయట సోడాబండి పక్కన నిలబడ్డాం. 

"చేను తీసుకుంటావా, తీసుకోవా? అదొక్కటి చెప్పు" అన్నాడాయన.

"తీసుకోను."

"మరి మంద ఎందుకు కట్టించావు?"

"నేలకు మంచిదని."

"అంతేనా?"

"అంతే."

నా మొహంలోకి అలాగే చూశాడు. నమ్మాలని ఉంది ఆయనకు, నమ్మడానికి ధైర్యం చాలటం లేదు. నా పరిస్థితీ అదే.

"అంతే అయితే నాతో ఒక్క ముక్క అంటే నేనే కట్టించేవాణ్ణిగా! పెద్దాయన ఉన్నప్పుడు ప్రతి ఏడూ బేరం చేసింది నేనేగా!"

"మావగారే కట్టించేవారని అత్తయ్య చెప్పింది."

"ఆయన ఎప్పుడైనా అరుగు దిగాడా?" అన్నాడు. నవ్వు వచ్చింది ఆయనకి, నవ్వాలా వద్దా అన్నట్టు మధ్యలో ఆపుకున్నాడు. నేనూ సగమే నవ్వాను.

అక్కడే అనుకున్నాం. చేను ఆయనే చేస్తాడు. పోయిన తీతకు బదులు ఆ ఏటి కౌలు కొంత తగ్గించాలి. ఆఖరి కట్టె పీకి, ఆయన స్వయంగా మా ఇంటికొచ్చి అయిపోయిందని చెబితేనే పంట అయినట్టు. అప్పటిదాకా నేను చేలో దేన్నీ దించకూడదు.

లోపలికి వెళ్లి ఆ మాటే చెప్పాం. రాజీ కుదిరిందని తహసీల్దారు గుమాస్తాతో రాయించాడు. సాయిబుగారు వేలిముద్ర వేశాడు, నేను సంతకం పెట్టాను. వెళ్లబోతూ ఆగి అడిగాను.

"అయితే నేను అక్రమంగా ప్రవేశించినట్టా, కాదా అండీ?"

"రాజీ అయ్యాక ఇంక ఆ ప్రశ్న లేదమ్మా."

"లేదంటే, ప్రవేశించనట్టా?"

"లేదంటే లేదనే" అని అతను తర్వాతి వాళ్లను పిలిచాడు.

గొర్రెల కాపరి సంగతి మాత్రం అక్కడ ఎవరికీ గుర్తు రాలేదు. తగువులో అతను ఏ పక్షమూ కాదు కదా. అతని జరిమానా నేను తీర్చాల్సిందా, సాయిబుగారు తీర్చాల్సిందా అని మేమిద్దరం ఆయన బస్సు దాకా నడుస్తూ చాలాసేపు మాట్లాడుకున్నాం. నేను పిలిచాను, ఆయన దొడ్డికి తోలాడు. చెరిసగం పెట్టుకుందామని చివరికి తేల్చుకున్నాం. ఇవ్వడానికి మనిషి ఎక్కడున్నాడు? తర్వాతి ఏడు పడమటి నుంచి దిగిన కాపరుల్ని అడిగాం. పొదిలి వైపు ముసలాయన, గొంగట్లో గొర్రెపిల్లను పెట్టుకుని పోయాడని ఆనవాలు చెబితే వాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "అందరం అట్టే గదమ్మా పోయేది" అన్నాడొకడు. ఆ తర్వాత ఏడు కూడా అడిగాం. ఇక మానేశాం.

సాయిబుగారు చేను చేస్తూనే ఉన్నాడు. అరవైలు వచ్చాక పత్తి తగ్గించి మిరప వేశాడు. ఏటా కట్టె పీకాక వచ్చి, అరుగు మీద కూర్చుని, "అయిపోయింది" అని చెప్పి వెళ్లేవాడు. నన్ను ఒక్కోసారి అమ్మాయ్ అనేవాడు, ఒక్కోసారి అమ్మగారూ అనేవాడు. ఏది ఎప్పుడు అంటాడో ఆయనకే తెలిసేది కాదనుకుంటాను. ఊరు వెళ్లినప్పుడు చేను చూడాలనిపించినా నేను గట్టు దాకా వెళ్లి ఆగేదాన్ని. ఆయన లోపలికి రమ్మనేవాడు. వెళ్లేదాన్ని. మళ్లీసారి వెళ్లినప్పుడు మళ్లీ గట్టు దగ్గరే ఆగేదాన్ని.

ఇలా కొన్నేళ్లు గడిచాక, ఒక వేసవిలో ఆయన బ్రాడీపేటలో మా గదికే వచ్చాడు. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కాడు. మంచినీళ్లు ఇచ్చాను.

"ఇంక నా వల్ల కాదమ్మాయ్. కాళ్లు వంగటం లా. వాడు మిరపకాయల వ్యాపారంలో పడ్డాడు, నాగలి ముట్టడు. చేను నువ్వు తీసుకో" అన్నాడు. వాడంటే ఆయన కొడుకు.

"కూలీల్ని పెట్టి చేయించండి చినమావయ్యగారూ. కౌలు తగ్గిద్దాం" అన్నాను.

"వద్దమ్మాయ్."

"ఇంకొక్క ఏడు చూడండి."

వెళ్లగొడుతున్నానని ఆఫీసుకెక్కిన మనిషి వెళ్లిపోతానంటుంటే, నేను ఆయన్ని ఉండమని బతిమాలుతున్నాను. అది ఆయనకీ తోచింది కాబోలు, తల వంచుకుని గ్లాసు కేసి చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం ఊరు వెళ్లి ఇద్దరం చేను దగ్గరికి నడిచాం. మిరప కట్టె అంతా పీకేసి, నేల గుంటక తోలి శుభ్రం చేసి ఉంచాడు. అప్పజెప్పడమంటే ఎలాగో మా ఇద్దరికీ తెలియదు. ఇల్లయితే తాళంచెవి ఇస్తారు. ఆయన చేను నాలుగు మూలలా కలయజూసి, "అప్పజెప్పా" అన్నాడు.

"సరేనండి" అన్నాను.

ఇంకేమైనా అనాలేమోనని ఆయన ఆగాడు. నేనూ అదే అనుకుంటూ నిలబడ్డాను.  ముందు ఎవరు కదలాలో తెలియక కాసేపు అలాగే ఉండి, ఎండ ఎక్కుతోందని ఊరి వైపు నడిచాం.